రేడియోహెడ్ అభిమానుల చాట్ గ్రూప్: ఏడేళ్ళ తర్వాత నా మాట

2019 మార్చిలో ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ అభిమానుల చాట్ గ్రూప్ ఒకదానిలో చేరాను. అప్పటికే ఆ బ్యాండ్ పాటలు పదేళ్ళుగా ఒంటరిగా వింటున్నాను. నా చుట్టుపక్కల ఆ పేరు తెలిసినవాళ్ళే తక్కువ. తెలిసినవాళ్ళు కూడా వాళ్ళ తొలి హిట్ పాట 'క్రీప్' దగ్గరే ఆగిపోయేవాళ్ళు. ఇప్పటికి ఏడేళ్ళు కావస్తోంది. మధ్యలో రెండుసార్లు విసిగిపోయి బయటికి వెళ్ళిపోయాను, రెండుసార్లూ తిరిగొచ్చాను. ఇలాంటి గ్రూప్‌లో చేరాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ళకూ, చేరిన వారానికే వదిలేద్దామనుకునేవాళ్ళకూ నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. నలుగురితో కలిసి పాట వినడానికి ఇంతకంటే మంచి చోటు నాకు ఇంకెక్కడా దొరకలేదు. కానీ అక్కడ చెప్పుకున్న మాటలు నిలవవు. గొప్ప మాటలు కూడా వారం తిరిగేసరికి కిందికి జారిపోయి, ఇక ఎవరికీ కనిపించవు. ఈ రెండూ తెలిసి చేరితే నిరాశ ఉండదు.

ఏర్పాటు మామూలే. ఒక్కో ఆల్బమ్‌కి ఒక ఛానెల్, కొత్త కబుర్లకి ఒకటి, గిటార్, కీబోర్డ్ వాయించేవాళ్ళకి ఒకటి, బ్యాండ్ సభ్యులు విడిగా చేసే పనికి ఒకటి. కాల్‌లో మాట్లాడుకోవడానికి రెండు వాయిస్ రూమ్‌లు. సభ్యుల జాబితాలో పేర్లు వేలల్లో ఉంటాయి కానీ రోజూ మాట్లాడేది ముప్పై, నలభై మంది. మొదటి రెండు నెలలు నేను ఒక్క ముక్క కూడా రాయలేదు, చదువుతూ ఉన్నానంతే.

నన్ను మాట్లాడించింది 2019 జూన్. 1997 ఆల్బమ్ 'ఓకే కంప్యూటర్' తయారైన రోజుల్లో, అంటే 1995 నుంచి 1998 మధ్య, బ్యాండ్ గాయకుడు థామ్ యార్క్ రికార్డు చేసి పెట్టుకున్న మినీడిస్కులు (శబ్దం రికార్డు చేసే చిన్న డిస్కులు) ఎలాగో బయటికి పొక్కాయి. వాటిని ఎవరో దొంగిలించి, బయటపెట్టకుండా ఉండాలంటే డబ్బివ్వమన్నారని బ్యాండ్ గిటారిస్ట్ జానీ గ్రీన్‌వుడ్ రాశాడు. బ్యాండ్ డబ్బివ్వలేదు. జూన్ 11న అన్నిటినీ తామే పాటలు అమ్మే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో పెట్టేశారు. 16 గంటలకు పైగా శబ్దం, ధర 18 పౌండ్లు, గడువు 18 రోజులు. వచ్చిన డబ్బు ఎక్స్‌టింక్షన్ రెబెలియన్ అనే పర్యావరణ ఉద్యమానికి.

చిక్కేమిటంటే చాలా ఫైళ్ళు దాదాపు గంటేసి ఉంటాయి. ఎక్కడ ఏ పాట ఉందో చెప్పే పట్టిక లేదు. కచేరీ ముక్క, హోటల్ గదిలో గిటార్ మీద వెతుకులాట, రిహార్సల్, మళ్ళీ ఏదో గరగర. గ్రూప్‌లో వాటాలు వేసుకున్నారు. ఈ ఫైల్ నువ్వు, ఆ ఫైల్ ఆమె. వింటూ, ఎన్నో నిమిషం ఎన్నో సెకనులో ఏముందో రాసి పెట్టాలి. నేనూ ఒకటి తీసుకుంటానని అడిగాను. గ్రూప్‌లో నేను రాసిన మొదటి వాక్యం అదే. మూడు రాత్రులు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. 'లిఫ్ట్' ఒక పాత రూపంలో మొదలవగానే గుర్తుపట్టి చేతులు వణికాయి. 1996లో కచేరీల్లో వాయించి పక్కన పెట్టేసిన ఆ పాట అధికారికంగా వచ్చింది 2017లోనే. పాత కచేరీ రికార్డింగుల్లో మాత్రమే దాన్ని వెతుక్కున్న వాళ్ళకి ఆ క్షణం ఎలా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు. వెంటనే గ్రూప్‌లో రాశాను. అవతల ఎవరో ఇంకో ఫైల్‌లో ఇంకో రూపం దొరికిందన్నారు. ఇద్దరం అప్పటికప్పుడు కాల్‌లో కలిసి, ఏది ముందు రికార్డయి ఉంటుందో తెల్లారేదాకా వాదించుకున్నాం.

ఆ పట్టిక ఇవాళ్టికీ ఉంది, ఎందుకంటే దాన్ని ఒకరు శ్రద్ధగా చాట్ బయట ఒక షేర్డ్ డాక్యుమెంట్‌లోకి ఎక్కించారు. మా వాదన మాత్రం పోయింది. రెండేళ్ళ తర్వాత వెతికాను, దొరకలేదు. చాట్ సెర్చ్‌తో ఈ బ్యాండ్ అభిమానులకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. పాటల పేర్లు సగం మామూలు ఇంగ్లీషు మాటలు. 'లిఫ్ట్' అని కొడితే ఎవరో లిఫ్ట్‌లో ఇరుక్కున్న కథ వస్తుంది. 'జస్ట్' అని కొడితే గ్రూప్‌లో ఇన్నేళ్ళుగా రాసినదంతా వచ్చి కూర్చుంటుంది. పిన్ చేసే వీలుంది కానీ పిన్ చేసినవి కూడా ఒక వరస లేకుండా పేరుకుపోతాయి. అందుకే ఇప్పుడు నచ్చిన మాట కనిపించగానే తేదీతో సహా కాపీ చేసి సొంత ఫైల్‌లో పెట్టుకుంటాను. కొత్తగా చేరేవాళ్ళకి నా మొదటి సలహా ఇదే, మొదటి రోజు నుంచే చేయండి.

మాకంటే ముందు తరం అభిమానులు దాచుకోవడంలో ఎంత గట్టివాళ్ళో చూస్తే అసూయ కలుగుతుంది. 2009 ఆగస్టు 23న ప్రాగ్‌లో జరిగిన కచేరీని ఎందరో అభిమానులు ఎవరి కెమెరాతో వాళ్ళు తీసి, అన్నిటినీ ఒకచోట చేర్చి, ఎడిట్ చేసి పూర్తి నిడివి వీడియో తయారు చేశారు. సంగతి తెలిసి బ్యాండే తమ దగ్గరున్న అసలు ఆడియో ఇచ్చింది. 2010లో దాన్ని అందరికీ ఉచితంగా పెట్టారు. మా గ్రూప్‌లో ప్రతి కొత్త సభ్యుడికీ ముందు చూడమని చెప్పేది దాన్నే.

ఇక ఈ గ్రూప్‌ని నేను వదులుకోలేకపోవడానికి అసలు కారణం చెప్తాను. కలిసి వినడం. ఒకప్పుడు వాయిస్ రూమ్‌లో ఒక బాట్, అంటే తనంతట తాను పనిచేసే ప్రోగ్రామ్, పాట వేస్తే అందరికీ వినిపించేది. యూట్యూబ్ నుంచి పాటలు తీసి వినిపించే పెద్ద బాట్లు 2021లో మూతపడ్డాయి. అప్పటి నుంచి ఎవరి దగ్గరున్న పాట వాళ్ళే పెట్టుకుంటాం. ఒకరు చాట్‌లో మూడు, రెండు, ఒకటి అని కొడతారు, అందరం ఒకేసారి ప్లే నొక్కుతాం. అర సెకను అటూ ఇటూ అయినా ఎవరికీ పట్టింపు లేదు. పాట నడుస్తుండగా మెసేజ్‌లు చాలా తక్కువగా వస్తాయి. ఇరవై మంది ఒకేచోట ఉండి ఏమీ రాయకపోవడంలో ఒక నిండుదనం ఉంటుంది. అది అనుభవిస్తేనే తెలుస్తుంది.

ప్రతి అక్టోబర్ 10న 'ఇన్ రెయిన్‌బోస్' ఆల్బమ్ వింటాం. 2007లో బ్యాండ్ దాన్ని పది రోజుల ముందు మాత్రమే ప్రకటించి, ఇష్టమొచ్చినంత చెల్లించి డౌన్‌లోడ్ చేసుకోమని విడుదల చేసిన తేదీ అది. ఒక ఏడాది 'ఓకే కంప్యూటర్', 'ఇన్ రెయిన్‌బోస్' పాటలను ఒకటి విడిచి ఒకటి పేర్చి విన్నాం. రెండింటికీ మధ్య పదేళ్ళు, 'ఇన్ రెయిన్‌బోస్'లో పది పాటలు, పదో నెల పదో తేదీ, కాబట్టి రెండూ కలిపి వినడానికే చేశారని అభిమానుల్లో ఒక పాత సిద్ధాంతం ఉంది. నేను దాన్ని నమ్మను. కానీ ఒక పాట చివరి శబ్దం పదేళ్ళ తర్వాతి పాట మొదటి శబ్దంలోకి సాఫీగా జారినప్పుడల్లా, నమ్మేవాళ్ళ మీద కోపం మాత్రం రాలేదు.

2020 ఏప్రిల్‌లో బ్యాండ్ తమ పాత కచేరీల వీడియోలను వారానికొకటి చొప్పున యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టింది. మొదటిది 2000లో డబ్లిన్‌లో టెంట్ కింద చేసిన కచేరీ. ఆ వారాల్లో మేం ఒక్కటి కూడా వదల్లేదు. ఇంట్లోంచి అడుగు బయటపెట్టలేని ఆ రోజుల్లో నా క్యాలెండర్‌లో కచ్చితంగా ఉన్న పని అదొక్కటే.

ఇంకో రాత్రి గురించి కూడా చెప్పాలి. 'పిరమిడ్ సాంగ్' తాళం మీద అభిమానులు 2001 నుంచి కొట్టుకుంటూనే ఉన్నారు. పియానో ఒక్కటే మొదలవుతుంది. దెబ్బ ఎక్కడ పడుతుందో చెవికి చిక్కదు. దాదాపు రెండు నిమిషాల దాకా డ్రమ్స్ రావు. నేను ఎన్నేళ్ళు విన్నా లెక్క తప్పేది. ఒకసారి వాయిస్ రూమ్‌లో డ్రమ్స్ వాయించే ఒకావిడ దొరికింది. అందరం కలిసి చప్పట్లతో నేర్చుకుందామనుకున్నాం, కుదరలేదు. ఒక్కొక్కరి శబ్దం నెట్‌లో ఒక్కో ఆలస్యంతో చేరుతుంది కాబట్టి అందరూ కొడితే వాన పడినట్టు ఉంటుంది తప్ప తాళం ఉండదు. చివరికి ఆవిడ తప్ప మిగతా అందరం మైక్ ఆపేశాం. మూడు, మూడు, నాలుగు, మూడు, మూడు అని ఆవిడ లెక్కపెట్టింది. మొత్తం పదహారు. ముందు నుంచి చెప్పినా, వెనక నుంచి చెప్పినా అదే వరస. నా గదిలో నేను ఒక్కడినే బల్ల మీద దరువు వేస్తున్నాను. ఐదో, ఆరో ప్రయత్నంలో డ్రమ్స్ వచ్చే చోటికి నా వేలు సరిగ్గా వెళ్ళి ఆగింది. మైక్ ఆన్ చేసి అరిచేశాను. అప్పటికే మరో ముగ్గురు అరుస్తున్నారు.

లోపాలు కూడా అంతే నిజం. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది పాతవాళ్ళు కొత్తవాళ్ళని చూసే తీరు. 'క్రీప్' నచ్చి వచ్చానని ఎవరైనా అంటే చాలు, వెక్కిరింపులు మొదలయ్యేవి. నేనూ ఆ పాటతోనే వచ్చాను, చాలామంది అలాగే వచ్చారు. 2021 చివర్లో పదిహేనేళ్ళ కుర్రాడు ఒకడు ఆ పాట గురించి ఎంతో ఇష్టంగా రాస్తే నలుగురు కలిసి ఆట పట్టించారు. మర్నాటికి వాడి పేరు జాబితాలో లేదు. నేను మొదటిసారి బయటికి వెళ్ళిపోయింది అందుకే. తిరిగొచ్చేసరికి మోడరేటర్లు ఒక నియమం పెట్టారు: ఏ పాట ఇష్టమన్నా ఎగతాళి చేయకూడదు, చేస్తే వారం పాటు రాసే వీలుండదు. అది నిజంగా పనిచేసింది. జీతం లేకుండా, రాత్రుళ్ళు మేలుకుని ఇదంతా చూసుకునే మోడరేటర్లు ఎవరో తెలుసుకుని చేరండి. యాప్ ఏదన్నది రెండో ప్రశ్న.

రెండోసారి వెళ్ళిపోయింది రాజకీయ వాదనలకి. 2017లో బ్యాండ్ ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్‌లో కచేరీ చేసిన విషయం మీద అభిమానుల్లో ఉన్న విభేదం చిన్నది కాదు, చిన్నది చేసి మాట్లాడకూడదు కూడా. కానీ వేగంగా పరుగెత్తే చాట్ దానికి తగిన చోటు కాదు. ఒక వాక్యం చదివి ఆలోచించేలోపు పది వాక్యాలు పైన పడతాయి. ఇప్పుడు దానికి వేరే ఛానెల్ ఉంది, ఒకరు రాసిన తర్వాత మళ్ళీ రాయాలంటే కొన్ని నిమిషాలు ఆగాలి. ఆ ఆగడం వల్ల మాటల్లో మర్యాద వచ్చింది.

మూడోది మోసాలు. 2025 సెప్టెంబర్ 3న బ్యాండ్ ఇరవై కచేరీలు ప్రకటించింది. మాడ్రిడ్, బొలోన్యా, లండన్, కోపెన్‌హాగెన్, బెర్లిన్, ఒక్కో ఊళ్ళో నాలుగేసి. 2018 తర్వాత అవే మొదటి కచేరీలు. ముందు పేరు నమోదు చేసుకోవాలి, ఎంపికైనవాళ్ళకే టికెట్ కొనే కోడ్ వస్తుంది. ఆ వారం గ్రూప్ నిండా టెన్షన్. ఆ టెన్షన్‌ని వాసన పట్టినట్టు కొత్త పేర్లతో మనుషులు దిగి, నేరుగా మెసేజ్ పంపి కోడ్‌లు అమ్ముతామన్నారు. ఐదేళ్ళుగా మాతో ఉన్న ఒక స్నేహితురాలు డబ్బు పంపి మోసపోయింది. గ్రూప్‌లో టికెట్ల బేరం నిషేధమని మొదటి నుంచీ ఉంది, కానీ ప్రైవేట్ మెసేజ్‌లను ఏ మోడరేటరూ చూడలేడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ నుంచి మెసేజ్‌లు రాకుండా సెట్టింగ్స్‌లో ఆపుకునే వీలుంది. చేరిన రోజే అది ఆపేయండి.

అదే ఏడాది ఒక మంచి మార్పు కూడా వచ్చింది. 1997 నాటి 'లెట్ డౌన్' చిన్న వీడియోల ద్వారా కుర్రకారుకి చేరి, ఆగస్టులో అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లోకి ఎక్కింది. అది విడుదలైనప్పుడు పుట్టనివాళ్ళు గుంపులుగా గ్రూప్‌లో చేరారు. ఈసారి ఎవరూ వెక్కిరించలేదు. ఆ పాటలో గిటార్ మిగతా వాద్యాలకంటే వేరే లెక్కలో నడుస్తుందని ఒక కొత్త అమ్మాయి గమనించి అడిగితే, పదేళ్ళ సీనియర్లు పోటీలు పడి వివరించారు.

నవంబర్ 4న మాడ్రిడ్‌లో మొదటి కచేరీ. నాకు టికెట్ దొరకలేదు. మా గ్రూప్ వాళ్ళు ముగ్గురు లోపల ఉన్నారు. వేదిక మధ్యలో ఉంది, చుట్టూ జనం అని రాశారు. మొదటి పాట ఏదవుతుందని వారం ముందు నుంచీ పందేలు. దీపాలు ఆరాయి అని ఒక మెసేజ్. తర్వాత ఏమీ లేదు. ఎవరూ ఏమీ రాయడం లేదు. తర్వాత లోపలున్న ముగ్గురిలో ఒకరి దగ్గర్నుంచి రెండే మాటలు: 'లెట్ డౌన్'.

మూడు, రెండు, ఒకటి అని కొట్టింది ఆ కొత్త అమ్మాయే. ఎక్కడివాళ్ళం అక్కడే ఉండి అందరం ఆ పాట పెట్టుకున్నాం. పాట అయిపోయాక ఆ సంభాషణంతా, ఖాళీగా ఉన్న ఆ నిమిషంతో సహా, టైమ్‌తో కాపీ చేసి నా ఫైల్‌లో పెట్టుకున్నాను.