టోక్యో ఒచనోమిజు: గిటార్ల వీధిలో పాత వాయిద్యం కొనాలంటే

జేఆర్ చువో లైన్‌లో ఒచనోమిజు స్టేషన్‌లో దిగి, ఒచనోమిజుబాషి వైపు గేటు నుంచి బయటికి రండి. రోడ్డు దాటగానే గిటార్ దుకాణాలు మొదలవుతాయి. మెయిదాయ్‌దోరి అనే ఈ వీధి మెయిజీ విశ్వవిద్యాలయం పక్కగా పల్లంలోకి దిగి సురుగదాయ్‌షిత కూడలిలో ఆగుతుంది. నడక పది నిమిషాలే, దుకాణాలకు మాత్రం రెండు రోజులు కేటాయించాలి. చాలావాటిని ఉదయం 11 ప్రాంతంలో తెరుస్తారు. వారం మధ్యలో, తలుపులు తీసిన వెంటనే వెళ్లడం మేలు. శని, ఆదివారాల్లో పక్కనున్న కుర్రాడి ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) మోతలో మన గిటార్ మనకే వినబడదు.

కింది అంతస్తులో మెరిసే కొత్త సరుకు చూసి అక్కడే ఆగిపోకండి. అది ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. 'చూకో' అంటే పాతది. ఆ బోర్డున్న మెట్లెక్కితే, ఒకప్పుడు జపాన్ కుర్రాళ్లు తొలిసారి చేతపట్టిన గిటార్లు గోడ నిండా వేలాడుతుంటాయి. వాటికి కట్టిన చీటీలే ఈ వీధికి అసలు విలువ. గిటార్ నెక్ (మెడ) మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు, అంటే ఫ్రెట్లు, అరిగి ఎంత మిగిలాయో పదింట లెక్కన రాస్తారు: 'నోకోరి హచివారి' అంటే పదికి ఎనిమిది వంతులు మిగిలాయని. నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ ట్రస్ రాడ్‌కు ఇంకా తిరిగే చోటుందా, ఏ భాగం మార్చారు, పగులు ఎక్కడ అతికించారు అన్నవీ చాలా చీటీల మీద ఉంటాయి. ఫోన్‌లో అనువాదం చేసి చివరిదాకా చదవండి. 'గెంజో వాతాషి' అని ఉంటే ఉన్నది ఉన్నట్టే ఇస్తారని అర్థం. రిపేరు తెలిసినవాళ్లు తప్ప మిగతావాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

గోడ మీది గిటార్‌ను సొంతంగా దించకూడదు. 'షిసో షితెమో ఈదెస్‌కా' (వాయించి చూడొచ్చా) అని అడిగితే దుకాణం మనిషే దించి, శ్రుతి చేసి, కూర్చోబెట్టి చేతికిస్తాడు. బెల్టు బకిల్, ఉంగరాలు ముందే తీసేయండి. చిన్న స్కేలు ఒకటి జేబులో ఉంచుకోండి.

యమహా ఎఫ్‌జీ-180 గురించి వేరుగా చెప్పాలి. 1966లో వచ్చిన ఈ అకూస్టిక్ గిటార్‌కు లోపల ఎర్ర లేబుల్, దాని మీద కంపెనీ పాత పేరు నిప్పాన్ గక్కి ఉంటాయి. పై చెక్క ప్లైవుడ్ కాబట్టి పగుళ్లు తక్కువ. చిక్కల్లా నెక్ కోణంతోనే. దశాబ్దాల తరబడి తీగలు లాగడంతో నెక్ ముందుకు వంగుతుంది, తీగలు పైకి లేస్తాయి. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ కింద సందు 2.5 మిల్లీమీటర్లలోపు ఉంటే హాయిగా వాయించవచ్చు. 3.5 ఉందనుకోండి, అప్పుడు సాడిల్ చూడాలి, అంటే తీగలు కట్టే బ్రిడ్జి అనే చెక్క మీద వాటిని మోసే సన్నని పట్టీ. 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దిగాలంటే సాడిల్‌ను ఒక మిల్లీమీటరు అరగదీయాలి. ఈ లెక్కన 3.5ను 2.5కు తేవడానికి రెండు మిల్లీమీటర్లు పోతాయి. సాడిల్ అప్పటికే బ్రిడ్జి మట్టానికి దిగిపోయి ఉంటే అరగదీయడానికేమీ మిగలదు. నెక్ ఊడదీసి కోణం సరిచేయించే ఖర్చు గిటార్ వెలను మించిపోవచ్చు. బ్రిడ్జి వెనక అంచు కింద పలచటి కాగితం దూర్చి చూడటం కూడా మరిచిపోకండి. లోపలికి పోతే జిగురు వదిలేసినట్టే.

ఎలక్ట్రిక్‌లో అందరూ వెతికేది 1982లో మొదలైన ఫెండర్ జపాన్ తొలి గిటార్లు, అంటే జేవీ అక్షరాలతో మొదలయ్యే నంబరున్నవి. మత్సుమోతోలోని ఫుజిగెన్ ఫ్యాక్టరీలో చేసినవి. నంబరు చూసి మురిసిపోకూడదు. నంబరున్న భాగం ఒక్కటే అసలుదై, పికప్పులు (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చేవి), ట్యూనర్లు (శ్రుతి మరలు) తర్వాత మార్చినవి కావచ్చు. నాబ్‌లు అటూ ఇటూ తిప్పినప్పుడు గరగర వస్తే భయం లేదు, శుభ్రం చేస్తే పోతుంది. ఒకటో ఫ్రెట్ నుంచి చివరిదాకా ప్రతి తీగా నొక్కి వినండి. ఒకేచోట శబ్దం చచ్చిపోతుంటే అక్కడ ఫ్రెట్ లేచి ఉండవచ్చు.

చీటీ మీద 'హకరాండా' అని ఉంటే అది బ్రెజిల్ రోజ్‌వుడ్. 1992 నుంచి ఆ చెక్క అంతర్జాతీయ వ్యాపారం మీద గట్టి ఆంక్షలున్నాయి. పర్మిట్ కాగితాలు లేకుండా దేశం దాటించబోతే విమానాశ్రయంలో గిటార్ వదులుకోవాల్సి రావచ్చు. అమ్మేవాళ్లు పర్మిట్ తెప్పిస్తామన్నా అది నెలల పని.

పాస్‌పోర్ట్ చూపిస్తే టాక్స్‌ఫ్రీ దుకాణాల్లో 10 శాతం వినియోగ పన్ను పడదు. ఒకే రోజు ఒకే దుకాణంలో కనీసం 5,000 యెన్ల కొనుగోలు ఉండాలి. 2026 నవంబర్ 1 నుంచి మాత్రం ముందు పన్ను కట్టేసి, వెళ్లేటప్పుడు వాపసు తీసుకోవాలి.

బసకు ఒచనోమిజులోనే గది దొరకాలని పట్టుపట్టనక్కర్లేదు. సోబు లైన్‌లో ఒక్క స్టేషన్ అవతల అకిహబారా ఉంది, బిజినెస్ హోటళ్లు అక్కడ బోలెడు. గదులు ఇరుకు, కేసు తెరవాలంటే మంచమే దిక్కు. పాత గైడ్‌బుక్కుల్లో కనిపించే హిల్‌టాప్ హోటల్ 2024 ఫిబ్రవరిలో మూతపడింది. మామూలు కాయిన్ లాకర్లలో గిటార్ పట్టదు. హోటల్ నుంచి విమానాశ్రయానికి తక్యూబిన్ (జపాన్ కొరియర్) పార్శిల్ మేలు. యమాతో అనే కొరియర్ కంపెనీవాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 200 సెంటీమీటర్లు, 30 కిలోల దాకా తీసుకుంటారు, సరుకు విలువ 3 లక్షల యెన్లు దాటకూడదు. ప్రయాణానికి రెండు రోజుల ముందే అప్పగించండి.

ఆంప్ కొనాలనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. జపాన్ కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ బరువు, ఖర్చు కలుపుకుంటే గిట్టుబాటు కాదు.

విమానం ఎక్కేముందు తీగలను రెండు స్వరాల మేర వదులు చేయండి, పూర్తిగా ఊడదీయొద్దు. శీతాకాలపు టోక్యో పొడిగాలి నుంచి మన కోస్తా ఉక్కలోకి రాగానే చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, తీగలు మళ్లీ లేస్తాయి. కంగారుపడి సాడిల్ అరగదీయించకండి. రెండు వారాలు కేసులో అలవాటు పడనిచ్చి, అప్పుడు స్కేలు పెట్టి కొలవండి.