కార్ ఫ్రిజ్‌కు 12 ఓల్ట్ ఎక్స్‌టెన్షన్ కార్డు: ఎండకాలమంత వాడినంక నా రివ్యూ

కోళ్ల ఫారాలకు వ్యాక్సిన్లు సప్లై చేసే పని నాది, జడ్చర్ల నుంచి కల్వకుర్తి, ఒక్కోసారి దేవరకొండ దాక పోవాలె. లసోట (కొక్కెర తెగులు టీకా) అయినా గంబోరో టీకా అయినా 2 నుంచి 8 డిగ్రీల మధ్యలనే ఉండాలె, అందుకే కంప్రెసర్ ఉన్న కార్ ఫ్రిజ్ తీస్కున్న. ఫ్రిజ్ గురించి అందరు రాసిన్రు, అది ఇడిచిపెడ్త. దాంతోని వచ్చే కార్డు పొట్టిగ ఉంటది, ముంగట డ్యాష్‌బోర్డు సాకెట్ నుంచి ఎనుక డిక్కీ దాక అందదు, ఇగ అందరు చేసే పనే, ఆన్‌లైన్‌ల ఎక్స్‌టెన్షన్ తెప్పిచ్చుకునుడు. నా కోపమంత ఆ ఎక్స్‌టెన్షన్ మీదనే.

చలికాలంల కొన్న కాబట్టి మొదట్ల ఏ తేడా కనబడలే. 4 మీటర్ల పొడుగు, పిన్నుకు చిన్న లైటు, మెత్తటి వైరు, సీట్ల కింద నుంచి చక్కగ పోతది, అడిగినోళ్లకు కూడ ఇదే కొనుక్కోమని చెప్పిన. మెత్తగ ఉన్నదన్నది ఇప్పటికీ నిజమే, కాకపోతే గంత సన్నగ మెత్తగ ఉన్నదంటే లోపల సరుకు తక్కువున్నట్టు.

మే నెలల కల్వకుర్తి దిక్కు ఒక ఫారానికి పోయిన. అక్కడ డిక్కీ తెరిస్తే ఫ్రిజ్ 17 డిగ్రీలు చూపెడ్తున్నది, పక్కకు ఎర్రర్ కోడ్. చెవి పెట్టి ఇంటే కంప్రెసర్ షురూ అయితది, కొంచెం సేపు గుర్రుమంటది, బందైతది, మళ్ల షురూ అయితది. దారి పొడుగూత గదే నడిచినట్టున్నది. డబ్బాలల్ల ఉన్న మందంత పక్కకు పెట్టాల్సొచ్చింది, వేడి తగిలిన లైవ్ వ్యాక్సిన్ తాపిచ్చి కొక్కెర తెగులు రాదని ఎవ్వరికీ మాటియ్యలేం. ఆ రైతు పొద్దుగాల్నే కోళ్లకు నీళ్లు బంద్ వెట్టి, మందు రాంగనే తాపుదామని రెడీగ కూసున్నడు, ఆయన మొఖం చూస్తే నాకు పానం ఉసూరుమన్నది.

బ్యాటరీ పోయిందని ఒకలు, ఫ్రిజ్ పోయిందని ఒకలు. మీటర్ పెడితే కార్డు చివర్ల 13 ఓల్టుల పైన్నే చూపెడ్తున్నది, ఇగ తప్పు కార్డుదని ఎవరంటరు. జడ్చర్లల బండ్ల వైరింగ్ చేసే ఒక అన్న మాత్రం "ఉత్తగ చూస్తే ఏం తెలుస్తది తమ్మీ, కంప్రెసర్ తిరుగుతుంటే చూడు" అన్నడు. తిరుగుతుంటే అదే కాడ 11 చిల్లర, షురూ అయ్యేటప్పుడు ఇంకా కిందికి. ఫ్రిజ్‌ల బ్యాటరీ ప్రొటెక్షన్ (బండి బ్యాటరీ పూర్తిగ దిగకుండ ఫ్రిజ్‌ను ఆపే సెట్టింగు) హై మీద ఉంటే ఓల్టేజీ గంత పడంగనే బ్యాటరీ దిగిందనుకోని ఆగిపోతది, ఆగంగనే లోడు పోయి ఓల్టేజీ మళ్ల లేస్తది, మళ్ల షురూ. లెక్క కూడ ఏం కష్టం లేదు, ఫ్రిజ్ 5 ఆంపియర్లు గుంజుతదనుకుంటే, 4 మీటర్ల కార్డుల కరెంటు పోయి రావాలె కాబట్టి 8 మీటర్ల వైరు, 0.75 ఎంఎం (అంటే చదరపు ఎంఎం) అసలు రాగి అయినా సరే దగ్గర దగ్గర 1 ఓల్టు దాంట్లనే కరిగిపోతది. నా కార్డు కోసి చూస్తే రాగి పూత పూసిన అల్యూమినియం, దాంట్ల ఇంకా ఎక్కువ పోతది. 4 ఎంఎం రాగి అయితే 0.2 లోపల్నే. ఇంట్ల 230ల ఒక ఓల్టు పోతే ఎవ్వరికి తెల్వది, 12ల పోతే మాత్రం ఇట్ల మందు పారబోసుకోవాలె.

ఆ అన్ననే బ్యాటరీ నుంచి డైరెక్ట్‌గ 4 ఎంఎం వైరు గుంజిండు, బ్యాటరీ పక్కకే 15 ఆంపియర్ల ఫ్యూజు ఏసిండు, డిక్కీల ఈ-రిక్షా చార్జింగ్‌కు వాడే ఆండర్సన్ కనెక్టర్ పెట్టిండు. సిగరెట్ సాకెట్ పిన్ను గుంతలల్ల కదిలి లూజై వేడెక్కుతుండె, ఇది గట్టిగ పట్టుకుంటది. ఫ్రిజ్‌ల దూరే పిన్ను మహబూబ్‌నగర్ల నేను తిరిగిన షాపులల్ల దొరకలే, కంపెనీ కార్డునే కోసి ఆ ముక్క అతికిచ్చినం, కోస్తుంటే మనసొప్పలే గాని వేరే తోవ లేదు. అప్పటి సంది మిట్టమధ్యాహ్నం సుత 4, 5 డిగ్రీలు దాటలే. ఫారం కాడ డిక్కీ తెరిచేటప్పుడు ఇప్పుడు గుండె దడ లేదు, ఆ అన్న చేతికి దండం పెట్టాలనిపిస్తది.

అయితే ఇది తాళం తీస్తే బంద్ కాదు, డైరెక్ట్ బ్యాటరీ మీద ఉన్నది కాబట్టి రాత్రిపూట కనెక్టర్ పీకాలె. కొత్త బండి వారంటీల ఉన్నోళ్లు వైరింగ్ ముట్టే ముందు షోరూంల అడుగుర్రి.

నాది మందుల పని కాబట్టి గింత పట్టింపు. పిల్లలతోని సాగర్‌కో శ్రీశైలానికో పోతు కూల్‌డ్రింకులు పెట్టుకునేటోళ్లకు ఆ సన్న కార్డే నడవొచ్చు, బ్యాటరీ ప్రొటెక్షన్ 'లో' (Low) మీద పెట్టి ఇంజన్ నడిచేటప్పుడే వాడుర్రి, కార్డు వేడెక్కుతున్నదా అని అప్పుడప్పుడు పట్టి చూడుర్రి. ఫ్రిజ్ ముంగటి సీటు కాడ పట్టే జాగ ఉంటే ఎక్స్‌టెన్షనే వద్దు. డిక్కీలనే పెట్టాలె, చల్లదనం తప్పొద్దు అనేటోళ్లు మాత్రం 4 ఎంఎం రాగి అని అడిగి, కొస కోపిచ్చి లోపల తెల్లగ ఉన్నదా ఎర్రగ ఉన్నదా చూసినంకనే పైసలియ్యుర్రి.