మేడ మీది డీబీకి ఎర్త్: కింది బోర్డు నుంచి తీగా, విడి గుంతా?

మేడ మీద గదులు వేసి విడిగా డీబీ (గదులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) బిగించేటప్పుడు, ఎర్త్‌ను కింది మెయిన్ బోర్డు నుంచి తీసుకోవాలా, పెరట్లో కొత్త గుంత తీయించాలా అన్న సందేహం వస్తుంది.

ఉప్పు, బొగ్గు వేసి పైపు పాతితే చాలునని చాలామంది నమ్ముతారు. కానీ ఆ గుంత నిరోధం 10 ఓమ్‌లు ఉంటే, గీజర్ బాడీకి ఫేజ్ తగిలినప్పుడు 230 వోల్టుల వద్ద మట్టిలోకి పారేది 23 ఆంపియర్లకు మించదు కాబట్టి 32 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్) పడదు, బాడీలో కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. పైగా రెండు ఎర్త్‌లూ కలవకపోతే ఆ గీజరుకూ కింది నుంచి వచ్చే ఇనుప నీటి పైపుకూ మధ్య వోల్టేజి తేడా ఏర్పడుతుంది. ఒక చేత్తో దాన్నీ మరో చేత్తో దీన్నీ పట్టుకున్నవారికి ప్రాణాపాయమే.

అందుకే ఫేజ్, న్యూట్రల్‌తో పాటే ఆకుపచ్చ రాగి తీగను మెయిన్ బోర్డు ఎర్త్ బార్ (ఎర్త్ తీగలన్నీ కలిసే లోహపు పట్టీ) నుంచి లాగడమే సరైనదని నా నిశ్చితాభిప్రాయం. ఫీడర్ (మేడ మీదికి కరెంటు తెచ్చే తీగ) 6 చదరపు మిల్లీమీటర్లదైతే ఎర్త్ తీగా అంతే ఉండాలి. పాత గుంత ఎండిపోయి ఉంటే కొత్తది తీయించవచ్చు, అయితే దాన్నీ ఆ బార్‌కే కలపాలి. ఎలా చేసినా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపే స్విచ్) తప్పనిసరి. కొత్త డీబీలో న్యూట్రల్ లింకును (న్యూట్రల్ తీగలన్నీ కలిసే పట్టీని) ఎర్త్ బార్‌తో ఎన్నడూ కలపకూడదు. కలిపితే న్యూట్రల్ కరెంటులో కొంత ఎర్త్ తీగలోకి మళ్లుతుంది.