పాలమూరులో క్షయ చికిత్స: పరీక్ష మేలు, వివరణ కరువు

మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక ప్రభుత్వ క్షయ కేంద్రంలో మా మేనమామకు అందిన సేవల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. పుణేలో మేస్త్రీ పని చేస్తూ, తగ్గని దగ్గుతో ఊరికి తిరిగి వచ్చిన ఆయనకు అక్కడ పరీక్షకు గానీ మందులకు గానీ ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

పరీక్షకే ఎక్కువ మార్కులు వేస్తాను. మొదట ఇచ్చిన నమూనాలో ఉమ్మే ఎక్కువగా ఉందని టెక్నీషియన్ తిప్పి పంపి, నోరు పుక్కిలించి, లోతు నుంచి దగ్గి తెమడను డబ్బాలో పట్టాలని ఓపికగా చెప్పారు. గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రం బ్యాక్టీరియాను గుర్తించాక, రెండో చిప్‌తో అది రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో చూస్తుంది. ఈ క్షయ మందు ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే బ్యాక్టీరియా ప్రోటీన్‌కు అతుక్కుని దాని పనిని ఆపుతుంది. దాని తయారీకి సూచనలుండే ఆర్‌పీఓబీ జన్యువులో ఒక్క అక్షరం (డీఎన్‌ఏలోని ఒక్క యూనిట్) మారినా ఆ ప్రోటీన్ ఆకృతి మారి, మందుకు పట్టు దొరకకపోవచ్చు. అలాంటి మార్పులలో దాదాపు 95 శాతం ఆ జన్యువులోని 81 అక్షరాల భాగంలోనే ఉండటం వల్ల ఫలితం అంత త్వరగా తేలుతోంది.

మరో క్షయ మందు ఐసోనియాజిడ్ సంగతి వేరు. క్యాట్‌జీ అనే బ్యాక్టీరియా ప్రోటీనే ఆ మాత్రను పనిచేసే మందుగా మారుస్తుంది. దానిలో 315వ స్థానంలోని సెరైన్ అనే అమైనో ఆమ్లం పోయి థ్రియోనిన్ అనే మరొకటి చేరితే ఆ పని కుంటుపడుతుంది. ఈ మార్పును ఆ చిప్‌తో పట్టుకోవడం కుదరదు. ఇలాంటి జన్యు మార్పులను వెతికే లైన్ ప్రోబ్ పరీక్షకు నమూనాను పెద్ద ల్యాబ్‌కు పంపాల్సిందే.

లోపమంతా వివరణలోనే ఉంది. రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రబడుతుందని ఎవరూ చెప్పకపోవడంతో మామ రక్తమని భయపడి మాత్రలు పక్కన పెట్టారు. మధ్యలో మానవద్దన్నారే తప్ప ఎందుకో చెప్పలేదు. మందు తగిలినప్పుడు కొన్ని బ్యాక్టీరియాలు జన్యువు మారకుండానే పెరుగుదల తగ్గించి, తాము తయారుచేసుకునే ప్రోటీన్లను మార్చుకుంటాయి, మందును బయటికి నెట్టే పంపులను పెంచుకుంటాయి. జ్వరం పోయి అన్నం సయించాక కూడా మిగిలి ఉండేవి అవే. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, ఆపై నాలుగు నెలలు మూడు మందులు వాడటం వాటిని పూర్తిగా తుడిచిపెట్టడానికే. ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు.

పోషణ కోసం 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు ఇస్తున్నారు. మామ ఖాతాలో అది ఆలస్యంగా పడింది. వలస వెళ్లేవారు బయలుదేరే ముందే నిక్షయ్ నంబరుతో (ప్రభుత్వ క్షయ నమోదులో రోగికి ఇచ్చే నంబరు) చికిత్సను అక్కడి కేంద్రానికి బదిలీ చేయించుకోవచ్చు. మాకు ఆ సంగతి చెప్పింది కేంద్రం వారు కాదు, ఊరి ఆశా కార్యకర్త.