స్వాతంత్ర్యమా, స్వేచ్ఛా సహచర్యమా, విలీనమా: చిన్న దేశానికి ఏది మేలు?

1800 అక్టోబరు 12న హైదరాబాదు నిజాము ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న సంధి వల్ల కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలు కుంఫిణీ చేతికి వెళ్లాయి. తన రాజ్యంలో నిలిపిన కంపెనీ సైన్యపు ఖర్చుకు బదులుగా నిజాము ఈ నేలను రాసిచ్చాడు. నవాబుల కింద మిగిలిన కర్నూలును కంపెనీ 1839లో కలిపేసుకుంది. ఆ సంధి పత్రం మీద ఇచ్చినవారి సంతకం ఉంది, పుచ్చుకున్నవారి సంతకం ఉంది, ఆ నేలను దున్నుకుంటున్న వాళ్ల మాట మాత్రం ఎక్కడా లేదు. ఆనాటి అంతర్జాతీయ న్యాయం దీన్ని లోపంగా చూడలేదు, ఎందుకంటే రాజ్యాన్ని మరొకరికి ఇవ్వడం రాజు ఇష్టమని అందరూ ఒప్పుకున్న కాలమది. మనకు దక్కింది "దత్త మండలాలు" అన్న పేరు. 1928లో నంద్యాల సభలో ఆ పేరు విడిచి రాయలసీమ అన్న పేరు పెట్టుకునే దాకా, దాదాపు నూట ముప్పయి ఏళ్లు, ఎవరో ఎవరికో ఇచ్చేసిన వస్తువు పేరుతోనే బతికాం.

కర్నూలులో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు వలస విముక్తి గురించి పాఠం చెప్పేటప్పుడు నేను ఈ సంధితోనే మొదలుపెడతాను. వలస ప్రాంతాల విముక్తికి ఐక్యరాజ్య సమితి సాధారణ సభ 1541వ తీర్మానం చెప్పిన మూడు మార్గాలేవని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో అప్పజెబుతుంది. ఈసారి ఆదోని నుంచి వచ్చే ఒక అమ్మాయి, "ఆ మూడింట్లో ఏది మేలు సార్?" అని అడిగింది. గైడ్లలో దీనికి జవాబు లేదు. ఆ రోజు నేను చెప్పినది కూడా సగమే, మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మొదట చట్టం సంగతి. 1945 నాటి ఐక్యరాజ్య సమితి ఛార్టరులో స్వయం నిర్ణయం, అంటే తమ రాజకీయ భవిష్యత్తును ప్రజలే తేల్చుకోవడం, ఒక ఆశయంగానే కనిపిస్తుంది. దానికి హక్కు రూపం ఇచ్చింది 1960 డిసెంబరు 14న సాధారణ సభ ఆమోదించిన 1514వ తీర్మానం. 89 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి, వ్యతిరేకంగా ఒక్కటీ వేయలేదు, బ్రిటన్, ఫ్రాన్స్, పోర్చుగల్, అమెరికా సహా తొమ్మిది తటస్థంగా ఉండిపోయాయి. కాదనే ధైర్యం లేకపోయినా ఔననడానికి మనసొప్పలేదన్నమాట. మర్నాడే వచ్చిన 1541వ తీర్మానం, స్వపరిపాలన లేని ప్రాంతం వలస స్థితి నుంచి బయటపడటానికి మూడు దారులు చూపింది: స్వతంత్ర రాజ్యం కావడం, ఒక స్వతంత్ర రాజ్యంతో స్వేచ్ఛగా సహచర్యం కుదుర్చుకోవడం (లోపలి పాలన తమదిగా ఉంచుకుని రక్షణ వంటివి దానికి అప్పగించడం), లేదా ఒక స్వతంత్ర రాజ్యంలో కలిసిపోవడం. 1970 నాటి 2625వ తీర్మానం ప్రజలు స్వేచ్ఛగా నిర్ణయించుకున్న మరే రాజకీయ హోదా అయినా సరేనంది. ఆచరణలో మాత్రం వాదనంతా మొదటి మూడింటి చుట్టూనే తిరుగుతోంది.

స్వాతంత్ర్యం గొప్పదనం గురించి భారతీయ పాఠకుడికి ఎవరూ చెప్పనక్కరలేదు. చూడవలసింది, అది చేతికి వచ్చే వేళకు దానిలో ఎంత మిగిలి ఉంటుందన్నది. నౌరూ దీవి వైశాల్యం 21 చదరపు కిలోమీటర్లు, మన మండలాల్లో చాలావాటి కంటే చిన్నది. దాని ఫాస్ఫేటును బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి దశాబ్దాల పాటు తవ్వుకుపోయాయి. నేల పాడైపోయింది కాబట్టి మా క్వీన్స్‌లాండ్ తీరంలోని ఒక దీవికి తరలి రండని ఆస్ట్రేలియా పిలిస్తే, జాతిగా కరిగిపోతామని నౌరూవాసులు 1964లో నిరాకరించి, 1968 జనవరి 31న స్వతంత్రులయ్యారు. తవ్వి వదిలేసిన నేల కోసం 1989లో ఆస్ట్రేలియాను అంతర్జాతీయ న్యాయస్థానానికి ఈడ్చి, 1993లో పరిహారంతో రాజీ కుదుర్చుకున్నారు. స్వతంత్ర రాజ్యం కాకపోతే ఆ కోర్టు గడప ఎక్కే అర్హతే వాళ్లకు ఉండేది కాదు. అయితే మిగిలిన ఫాస్ఫేటును వాళ్లే తవ్వుకుని అమ్ముకున్నారు. ఆ డబ్బు కరిగిపోయాక, ఆస్ట్రేలియాకు శరణు కోరి వచ్చినవాళ్లను ఉంచే శిబిరాలకు తమ దీవిలోనే చోటిచ్చి రోజులు గడుపుకోవలసి వచ్చింది. స్వాతంత్ర్యం వ్యాజ్యం వేసే హక్కునిచ్చింది గానీ నేలలో లేని సరుకును ఇవ్వలేకపోయింది.

మారిషస్ కథ మనకు ఇంకా దగ్గరిది, ఎందుకంటే అక్కడ మన కోరంగి రేవు పేరు మోసుకుని బతికిన తెలుగువాళ్లున్నారు, ఉగాదికి ప్రభుత్వ సెలవుంది. 1968 మార్చి 12న ఆ దేశం స్వతంత్రమయ్యే ముందే, 1965లో, బ్రిటన్ చాగోస్ దీవులను దాని నుంచి విడదీసి 30 లక్షల పౌండ్లు చేతిలో పెట్టింది. వాటిలో ఒకటైన డియెగో గార్సియాలో అమెరికా స్థావరం కోసం అక్కడి జనాన్ని 1968, 1973ల మధ్య దీవుల నుంచి తరిమేసింది. మారిషస్ మంత్రులు అప్పుడు ఒప్పుకున్నారు కదా అని బ్రిటన్ యాభై ఏళ్లు వాదించింది. పాలించేవాడి చేతి కింద ఉండి చెప్పిన ఔను స్వేచ్ఛగా చెప్పినది కాదని, కనుక మారిషస్ వలస విముక్తి న్యాయబద్ధంగా పూర్తి కాలేదని అంతర్జాతీయ న్యాయస్థానం 2019 ఫిబ్రవరిలో సలహాపూర్వక అభిప్రాయం ఇచ్చింది. 2025 మేలో రెండు దేశాలూ ఒక ఒడంబడికపై సంతకాలు చేశాయి, అందులో సార్వభౌమాధికారం మారిషస్‌ది, డియెగో గార్సియా మాత్రం 99 ఏళ్లు కౌలుకు. ఈ బేరం జరిగినప్పుడు కూడా తమను కూర్చోబెట్టి అడగలేదని చాగోస్ జనంలో చాలామంది వాపోయారు. 1800 నాటి మన సంధి చదివినవాడికి ఆ బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

విలీనానికి వస్తే, దాన్ని చిన్నచూపు చూసే అలవాటు మన పుస్తకాల్లో ఉంది గానీ, మన తెలుగువాళ్ల యానాం ఆ దారినే వచ్చింది. 1954 అక్టోబరు 18న కీళూరులో ఫ్రెంచి ప్రాంతాల ప్రజాప్రతినిధులు 178 మంది ఓటు వేస్తే 170 మంది భారతదేశంలో కలవడానికి మొగ్గారు. నవంబరు 1న పాలన చేతులు మారింది, చట్టపరమైన బదిలీ 1962 ఆగస్టు 16న ముగిసింది. కోరుకున్నవారు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకునే వీలు కూడా ఒడంబడికలో ఉంది. భాష ఒకటి, చుట్టూ ఉన్న నేల ఒకటి, రాకపోకలు ఒకటి అయినచోట విలీనానికి వంక పెట్టడం కష్టం.

కానీ విలీనం పేరుతో జరిగిన మోసాలూ తక్కువేం కాదు. పోర్చుగల్ 1951లో తన రాజ్యాంగంలో వలస అన్న మాట తీసేసి "సముద్రాంతర ప్రాంతాలు" అని రాసుకుంది. గోవా, అంగోలా అన్నీ మా దేశంలో భాగాలే, ఇంక వలసలెక్కడివని సమితిని దబాయించింది. సాధారణ సభ 1542వ తీర్మానంతో ఆ దబాయింపును తోసిపుచ్చింది. హవాయిలో 1959లో జనం భారీ ఆధిక్యంతో రాష్ట్ర హోదా కోరుకున్న మాట నిజమే, అయితే ఆ ఓటు చీటీ మీద స్వాతంత్ర్యం అన్న గడే లేదు. గ్రీన్‌లాండ్‌ను డెన్మార్క్ 1953లో తన రాజ్యాంగంలో చేర్చుకున్నప్పుడు అక్కడి ప్రజలను ఓటే అడగలేదు.

విలీనానికి 1541వ తీర్మానం మిగతా రెండింటి కంటే గట్టి షరతులు పెట్టడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. ఆ ప్రాంతం స్వపరిపాలనలో బాగా ముందుకు వచ్చి ఉండాలి, ప్రజలకు విషయం పూర్తిగా తెలిసి ఉండాలి, వయోజనులందరికీ ఓటుండాలి. ఒకసారి కలిశాక ఆ నేల కొత్త రాజ్యపు ప్రాదేశిక సమగ్రతలో భాగమైపోతుంది, విడిపోతామంటే వలస విముక్తి న్యాయం పలకదు. ఇది మన దేశం కూడా స్పష్టంగా చెప్పిన మాటే. 1979లో పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో చేరుతూ, మొదటి అధికరణలోని స్వయం నిర్ణయాధికారం పరాయి పాలనలోని ప్రజలకే వర్తిస్తుందని, స్వతంత్ర రాజ్యాలకు గానీ వాటిలోని ఒక భాగం ప్రజలకు గానీ వర్తించదని భారతదేశం ప్రకటన చేసింది. అందుకే రాయలసీమకు హామీలిచ్చిన శ్రీబాగ్ ఒడంబడిక అమలుకాలేదనో, 1953లో బళ్లారి పోయిందనో, కర్నూలు రాజధాని మూడేళ్లకే చేజారిందనో మనకున్న కడుపుమంటను ఈ హక్కు కింద రాస్తే పరీక్షలో మార్కులు పోతాయి. అవి మన రాజ్యాంగం లోపల తేల్చుకోవలసిన లెక్కలు.

మూడోదైన స్వేచ్ఛా సహచర్యం మీద నాకు మొదట్లో నమ్మకం ఉండేది కాదు. సొంత జెండా ఎగరేసుకుంటూ రక్షణ ఇంకొకరికి అప్పగించడం చూస్తే, సైన్యసహకార సంధి చేసుకున్న మన నిజాము గుర్తుకొస్తాడు. అయితే తేడా ఉంది. 1541వ తీర్మానం ప్రకారం సహచర్యం ప్రజల స్వేచ్ఛా నిర్ణయంతోనే ఏర్పడాలి, లోపలి రాజ్యాంగం వాళ్లే రాసుకోవాలి, అన్నిటికంటే ముఖ్యంగా ప్రజాస్వామ్య పద్ధతిలో ఆ హోదాను మార్చుకునే స్వేచ్ఛ వాళ్ల దగ్గరే ఉండాలి. నిజాముకు ఆ చివరిది లేదు. కుక్ దీవులు 1965లో, నియూ 1974లో న్యూజిలాండ్‌తో ఇలాంటి ఏర్పాటు చేసుకున్నాయి. అక్కడివాళ్లకు న్యూజిలాండ్ పౌరసత్వముంది, అటు వెళ్లి బతికే వీలుంది, అయినా సొంతంగా ఒడంబడికలు చేసుకునే పూర్తి సామర్థ్యం వాటికి ఉందని సమితి సచివాలయమే గుర్తించింది. దీని ఖరీదు ఎంతో 2025లో తెలిసొచ్చింది. తమను సంప్రదించకుండా చైనాతో భాగస్వామ్య ఒప్పందం చేసుకున్నారని కుక్ దీవులకు ఇవ్వవలసిన కోటీ 82 లక్షల న్యూజిలాండ్ డాలర్లను వెల్లింగ్టన్ నిలిపేసింది.

ఇంతకంటే చేదు ఉదాహరణ మార్షల్ దీవులు. 1946, 1958ల మధ్య అమెరికా అక్కడ 67 అణు పరీక్షలు చేసింది. 1986లో అమలైన సహచర్య ఒప్పందంలో భాగంగా 15 కోట్ల డాలర్లు ఇచ్చి, ఆ నష్టాల మీద అమెరికా కోర్టులకు వెళ్లే దారిని మూసేసింది. సమితి తరఫున ఆ దీవులకు ధర్మకర్తగా ఉన్న అమెరికాయే బేరం కూడా ఆడింది. అయినా మార్షల్ దీవులకు నేడు సమితిలో సభ్యత్వముంది, ఓటుంది. ప్యూర్టోరికోకు ఆ రెండూ లేవు. అమెరికా 1952లో దానికి కొత్త రాజ్యాంగం ఇప్పించి, మర్నాటి ఏడు, స్వపరిపాలన లేని ప్రాంతాల సమితి జాబితా నుంచి పేరు తీయించింది. ఆ ద్వీపం అధికారానికి అసలు మూలం అమెరికా కాంగ్రెస్సేనని 2016లో అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది. అంటే ఆ ఏర్పాటును మార్చే చెయ్యి ద్వీపానిది కాదు, కనుక నా లెక్కలో అది సహచర్యమే కాదు.

అడిగే పద్ధతి చెడితే మూడు దారులూ ఒకటే. పశ్చిమ న్యూగినీలో 1969లో ఇండోనేసియా ఎంపిక చేసిన వెయ్యిమందికి పైగా ప్రతినిధుల చేత తనలో విలీనానికి ఔననిపించి, దానికి స్వేచ్ఛా నిర్ణయమని పేరు పెట్టారు. తూర్పు తిమోరులో 1999 ఆగస్టు 30న సమితి నిర్వహించిన ఓటులో 78.5 శాతం మంది ఇండోనేసియా కింద స్వయం ప్రతిపత్తిని కాదన్నారు. ఆ తర్వాతి హింసకు ఎందరో బలయ్యారు గానీ ఆ సంఖ్యను ఎవరూ చెరపలేకపోయారు. ఫ్రాన్స్ కింద ఉన్న న్యూ కాలెడోనియాలో 2018లోనూ 2020లోనూ స్వాతంత్ర్యం మరీ పెద్దది కాని తేడాతో ఓడింది. 2021లో అక్కడి మూలవాసులైన కనక్ ప్రజలు బహిష్కరించిన మూడో ఓటులో 96 శాతానికి పైగా వద్దన్నారని లెక్క తేలింది. ఆ లెక్కతో ఫ్రాన్స్‌కు తృప్తి కలిగిందేమో గానీ తగువు తీరలేదు, 2024లో ఆ దీవి తగలబడింది.

ఇక ఆ అమ్మాయికి నా జవాబు. తనను తాను పోషించుకోగల జనాభా, నేల ఉన్నచోట స్వాతంత్ర్యమే మేలు, దానిమీద చర్చ అనవసరం. పక్కనున్న పెద్ద దేశంతో భాష, బతుకు ముందే కలిసిపోయినచోట విలీనం మేలు, కానీ ఓటు చీటీ మీద మూడు దారులూ ఉంటేనే. కోకోస్ దీవుల్లో 1984లో అలాగే అడిగారు. 261 మందిలో 229 మంది ఆస్ట్రేలియాలో విలీనాన్ని, 21 మంది సహచర్యాన్ని, 9 మంది స్వాతంత్ర్యాన్ని కోరారు. ఆ తొమ్మిదిమందికీ తమ గడిలో గుర్తు వేసుకునే చోటు దొరికింది కాబట్టి ఆ 229కి విలువ వచ్చింది. ఈ రెండు కోవల్లోనూ పడని కొన్ని వేలమంది దీవులకు మాత్రం, ఎన్ని లోపాలున్నా, నేను సహచర్యం వైపే మొగ్గుతాను. మిగతా రెండు నిర్ణయాలనూ తర్వాతి తరం తిప్పలేదు, దీన్ని తిప్పగలదు.

ఆ అమ్మాయి ఊరుకోలేదు, అయితే అలాంటివాళ్లంతా సహచర్యాన్నే ఎందుకు ఎంచుకోలేదని మళ్లీ అడిగింది. న్యూజిలాండ్ కింద ఉన్న టోకెలావు గురించి చెప్పాను. మూడు పగడపు దీవులు, అప్పట్లో పదిహేను వందలైనా లేని జనం. సహచర్యానికి మూడింట రెండు వంతుల మద్దతు కావాలని వాళ్ల సభే షరతు పెట్టుకుంది. 2006లో 60 శాతం వచ్చింది. 2007లో మళ్లీ అడిగితే 64 శాతం దాటింది, పదహారు ఓట్లు తగ్గాయి. "పదహారా సార్? మా వీధిలో అంతకంటే ఎక్కువ ఓట్లున్నాయి," అంది. సమితి దగ్గరున్న పదిహేడు ప్రాంతాల జాబితాలో టోకెలావు పేరు ఇప్పటికీ ఉంది, మూడోసారి అడగాలనుకుంటే అడ్డేమీ లేదు.