బీప్ కొట్టే డోసిమీటర్: క్యాథ్ ల్యాబ్‌లో వాడి చూశాక

క్యాథ్ ల్యాబ్ (గుండె రక్తనాళాలను ఎక్స్‌రేతో చూస్తూ చికిత్స చేసే గది) లాంటి ఎక్స్‌రే గదుల్లో పనిచేసేవాళ్లందరికీ ప్లాస్టిక్ బ్యాడ్జి ఒకటి ఉంటుంది. కొన్నాళ్లకోసారి దాన్ని పంపిస్తే, లోపలి స్ఫటికాన్ని వేడి చేసి, అప్పుడు వచ్చే వెలుతురును కొలిచి, ఇన్నాళ్లలో ఒంటికి ఎంత డోస్ (రేడియేషన్ మోతాదు) తగిలిందో లెక్క కట్టి పంపుతారు. లెక్క బాగానే ఉంటుంది. కానీ రిపోర్టు చేతికొచ్చేసరికి ఏ కేసులో ఎక్కడ నిలబడ్డామో ఎవరికి గుర్తుంటుంది? అందుకే సొంత డబ్బుతో ఎలక్ట్రానిక్ డోసిమీటర్ కొనుక్కున్నాను. జేబులో పట్టేంత డబ్బా, లోపల సిలికాన్ డిటెక్టర్. డోస్ ఎంతో అప్పటికప్పుడు తెర మీద చూపిస్తుంది, పైగా అరుస్తుంది.

ఆ అరుపు కోసమే కొనొచ్చు. యాంజియో (రక్తనాళాల ఎక్స్‌రే పరీక్ష) మొదలై డాక్టర్‌గారు ఎక్స్‌రే ఆన్ చేసే పెడల్ మీద కాలు వేయగానే బీప్‌లు మొదలవుతాయి. టేబుల్‌ను ఆనుకుని ఉంటే ఒకదాని వెంట ఒకటి తోసుకొస్తాయి. రెండడుగులు వెనక్కి వేస్తే బాగా నెమ్మదిస్తాయి. దూరం రెట్టింపైతే డోస్ సుమారు నాలుగో వంతుకు పడిపోతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే అందరం. చెవికి వినిపిస్తే గానీ కాళ్లు కదలవు. సీ-ఆర్మ్ (ఎక్స్‌రే ట్యూబ్‌ను మోసే ‘C’ ఆకారపు చట్రం) ఒరిగి ఎక్స్‌రే ట్యూబ్ నా వైపుకి వస్తే, నేను కదలకపోయినా బీప్‌లు పెరుగుతాయి. మనకు తగిలేది ఎక్కువగా పేషెంట్ ఒంటి మీద పడి చెదిరిన కిరణాలే. అవి బీమ్ (ట్యూబ్ నుంచి తిన్నగా వచ్చే కిరణాల ధార) పేషెంట్ ఒంట్లోకి వెళ్లే వైపు ఎక్కువ. భారీ శరీరం ఉన్న పేషెంట్ అయితే బొమ్మ సరిగ్గా రావడానికి మెషీన్ తనంతట తనే బీమ్ పెంచుకుంటుంది. ఆ సంగతి కూడా నా జేబులోంచే తెలుస్తుంది.

తెర మీద అంకె మైక్రోసీవర్ట్‌లలో ఉంటుంది (సీవర్ట్ డోస్‌కి కొలత; అందులో వెయ్యో వంతు మిల్లీసీవర్ట్, పది లక్షలో వంతు మైక్రోసీవర్ట్). ఒంట్లో 10 మిల్లీమీటర్ల లోతున ఎంత పడి ఉంటుందో అంచనా అది. అక్కడి జీవకణాలకు ఏమైందో ఏ డోసిమీటరూ చెప్పదు. కొత్తగా చేరినవాళ్లు నన్ను మొదట అడిగేది మాత్రం అదే.

రేడియేషన్‌లో వింత ఏమిటంటే, శక్తిగా చూస్తే అది చాలా తక్కువ. ఒళ్లంతటికీ ఒకేసారి 4 గ్రే (కిలో ఒంటికి ఎంత శక్తి పడిందో చెప్పే కొలత; ఎక్స్‌రేకి 1 గ్రే అంటే దాదాపు 1 సీవర్ట్) పడితే, వైద్యం అందకపోతే, దాదాపు సగం మంది బతకరు. అంత డోస్‌కీ ఒంటి వేడి పెరిగేది డిగ్రీలో వెయ్యో వంతు. గుక్కెడు వేడినీళ్లు తాగినా అంతకంటే ఎక్కువ వేడే లోపలికి పోతుంది. చంపేది వేడి కాదు, ఆ శక్తి చిన్న చిన్న మోతాదుల్లో ఎక్కడ పడిందన్నదే. కణంలో ఎక్కువ భాగం నీరు. కిరణం ఆ నీటి అణువుల్ని చీలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చురుకైన ముక్కలు పుడతాయి, అవి పక్కనున్న డీఎన్‌ఏని కొరికేస్తాయి. కొన్నిసార్లు దెబ్బ నేరుగా డీఎన్‌ఏ మీదే పడుతుంది. 1 గ్రే ఎక్స్‌రేకి ఒక్కో కణంలో డీఎన్‌ఏ ఒక పోగు తెగే చోట్లు వెయ్యి దాకా, రెండు పోగులూ ఒకేచోట తెగేవి 40 దాకా ఉంటాయి. ఒక పోగు తెగితే రెండోదాన్ని చూసి కణం అతికించేసుకుంటుంది. రెండూ తెగితేనే చిక్కు. చూసి అతికించడానికి పక్కన ఏమీ ఉండదు కాబట్టి కొసల్ని తప్పుగా కలపొచ్చు. అప్పుడు కణం చచ్చిపోనూవచ్చు, తప్పుతోనే రెండేసిగా విడిపోతూ పోనూవచ్చు. ఎక్కువ కణాలు చస్తే చర్మం కాలడం, మూలుగలో రక్తకణాలు పుట్టకపోవడం లాంటివి వస్తాయి. తప్పుతో బతికిన కణం ఏళ్ల తర్వాత క్యాన్సర్‌కి దారి తీయొచ్చు. మూలుగ, పేగుల లోపలి పొర, జుట్టు కుదుళ్లు త్వరగా దెబ్బతినేది అక్కడి కణాలు గబగబా విడిపోతాయి కాబట్టే.

మొదటి రోజుల్లో ఎక్స్‌రే పనివాళ్లకి చర్మం ఎర్రబడటమే మీటరు. డోస్‌ని కూడా ఆ ఎరుపుతోనే కొలిచేవారు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ ట్యూబులు ఎలా పనిచేస్తున్నాయో తన చేతులు పెట్టే చూసుకునేవాడు. చివరికి రెండు చేతులూ తీసేయాల్సి వచ్చింది, 1904లో చనిపోయాడు. చర్మం ఎర్రబడటానికి 2 గ్రే దాకా పడాలి. నా తెర మీద కనిపించేవి అందులో ఎన్నో వంతో లెక్కపెట్టడం కూడా అనవసరం.

ఇక లోపాలు. ఫోన్ అదే జేబులో ఉంటే, కాల్ వచ్చినప్పుడు లేని రేడియేషన్ చూపిస్తోంది. కంపెనీవాళ్లకి రాస్తే ఫోన్ వేరే జేబులో పెట్టుకోమన్నారు, అంతే. క్లిప్ వదులు. సీసపు ఏప్రన్ మీద పెట్టుకుంటే వచ్చే అంకె చూసి కొత్తవాళ్లు టెన్షన్ పడతారు. 0.5 మిల్లీమీటర్ల సీసం చెదిరిన కిరణాల్లో పదింట తొమ్మిది వంతులకు పైగా ఆపేస్తుందని, లోపల పడేది చాలా తక్కువని వాళ్లకు ప్రతిసారీ చెప్పాల్సి వస్తోంది. తిన్నగా బీమ్‌లో పెడితే మాత్రం ఆ క్షణకాలపు పల్స్‌లను పూర్తిగా లెక్కపెట్టలేక తక్కువ చూపించొచ్చు. దాన్ని నమ్మి చెయ్యి బీమ్‌లో పెట్టకండి. కళ్ల సంగతి కూడా ఛాతీ మీది డబ్బా సరిగ్గా చెప్పలేదు. కంటి కటకానికి ఏడాదికి 150 మిల్లీసీవర్ట్‌లుగా ఉన్న పరిమితిని 20కి తగ్గించాలని అంతర్జాతీయ రేడియలాజికల్ ప్రొటెక్షన్ కమిషన్ 2011లో చెప్పింది. పైనుంచి వేలాడే సీసపు అద్దాన్ని పక్కకు నెట్టేసే డాక్టర్లు ఇది చదివితే బాగుండు.

దీనికి పూర్తి మార్కులు వేసింది నేను కాదు, నాతో పనిచేసే సిస్టర్. గర్భవతి అని తెలియగానే అడిగి తీసుకుంది. ఏప్రన్ లోపల, నడుము దగ్గర పెట్టుకునేది. గర్భం సంగతి చెప్పిన దగ్గర్నుంచి కాన్పు దాకా బిడ్డకు అదనంగా పడే డోస్ 1 మిల్లీసీవర్ట్ దాటకూడదని నియమం. డ్యూటీ దిగే ముందు అంకె రాసుకుని, "సున్నా పక్కన ఇంకో సున్నా, అన్నా" అనేది. నెలల తర్వాత వచ్చే రిపోర్టు కోసం ఎదురుచూస్తూ కూర్చోవాల్సిన పని తప్పింది.

ఇంట్లో పెట్టుకోవడానికైతే కొనకండి. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు వస్తాయి, అందులో పెద్ద వాటా ఊపిరితో లోపలికి పోయే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువుది. దాన్ని ఈ డబ్బా పట్టలేదు. ల్యాబ్‌లో కూడా బ్యాడ్జి తీసి పక్కన పెట్టొద్దు, రికార్డుకి ఎక్కేది దాని లెక్కే. కొన్నాక ముందుగా అలారం లెవెల్ మార్చుకోండి, నాకు వచ్చినదాంట్లో అది మా పనికి మరీ ఎక్కువగా పెట్టి ఉంది. ఏటా క్యాలిబ్రేషన్‌కి (కొలత సరిగ్గా ఉందో సరిచూడటానికి) పంపాలి, పంపిన రోజుల్లో చేతిలో ఉండదు. శబ్దం విసుగనిపించి మ్యూట్ చేసేవాళ్లయితే ఈ ఖర్చు దండగ.