రాత్రి లైనుతో బ్యాటరీ నింపకండి: అయిదేళ్ల సోలార్ వాడకం

అనంతపురంలో మా మిద్దె మీద సోలార్ పెట్టించి అయిదేళ్లు దాటింది. 330 వాట్ల ప్యానెళ్లు నాలుగు, 24 వోల్టుల ఎంపీపీటీ పీసీయూ ఒకటి (ప్యానెళ్ల నుంచి వీలైనంత ఎక్కువ కరెంటు లాగి, ప్యానెళ్లు, బ్యాటరీలు, లైను మూడింటినీ చూసుకునే సోలార్ ఇన్వర్టరు), 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్స్) ట్యూబులర్ బ్యాటరీలు రెండు. నెట్ మీటరు లేదు. అంటే మిగిలిన సోలార్ కరెంటు లైనులోకి పోదు.

ప్యానెళ్ల మీద నాకు ఫిర్యాదేమీ లేదు, వారానికోసారి దుమ్ము తుడిస్తే చాలు. తేడా అంతా బ్యాటరీని ఎండ నింపాలా, లైను నింపాలా అన్న సెట్టింగులోనే ఉంది.

మొదటి ఏడాది బిల్లు అనుకున్నంత తగ్గలేదు. ఒకరోజు పదకొండు గంటలకు, నెత్తి మాడే ఎండలో, డిస్‌ప్లే చూస్తే ప్యానెళ్ల నుంచి 180 వాట్లే వస్తున్నాయి. మురికి పట్టిందేమోనని బకెట్లతో నీళ్లు మోసి కడిగాను. అంకె కదల్లేదు. కిందికొచ్చేసరికి అమ్మ మిక్సీ వేసింది, అంకె 600 దాటింది. అప్పుడర్థమైంది. బిగించినతను గ్రిడ్ చార్జింగ్ ఆన్‌లో పెట్టి వెళ్లాడు. రాత్రంతా లైను కరెంటు బ్యాటరీలను నింపేస్తోంది. తెల్లారి ఎండ వచ్చేసరికి వాటిలో చోటే ఉండట్లేదు. ఇంట్లో ఎంత వాడితే ప్యానెళ్లు అంతే ఇస్తున్నాయి, మిగతా ఎండంతా వృథా.

వెంటనే గ్రిడ్ చార్జింగ్ పూర్తిగా ఆపేశాను. అదీ తప్పే. ఎండాకాలం బాగానే గడిచింది. నవంబరులో వారం రోజులు ముసురు పట్టింది. పగలు సగం కూడా నిండని బ్యాటరీ రాత్రికి మళ్లీ దిగిపోయేది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అలా రోజుల తరబడి అరకొర చార్జితో ఉంటే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరు పెట్టి చూస్తే మిగతా సెల్లులు 1.220 దగ్గర ఉన్నాయి, ఒకటి మాత్రం 1.170 దగ్గరే ఆగిపోయింది. లైనుతో రెండు రోజులు నెమ్మదిగా ఈక్వలైజ్ చార్జింగ్ (సెల్లులన్నీ సమంగా నిండేదాకా చేసే చార్జింగ్) పెడితే గానీ అది కోలుకోలేదు. ఆ రెండు రోజులూ నాకు నిద్ర సరిగా పట్టలేదు.

ఇప్పుడు వాడే పద్ధతి ఇది. ఇంటికి సోలార్, బ్యాటరీలే ముందు. ఇంట్లో వాడకం నడుస్తుండగా బ్యాటరీల వోల్టేజి 24కి దిగితే ఇల్లు లైనుకు మారుతుంది. కొత్తలో ఇది 21.6 దగ్గర పెట్టి ఉండేది. రోజూ అంత లోతుకు దింపితే ట్యూబులర్ బ్యాటరీ అయినా ఎక్కువ కాలం రాదు. రెండు బ్యాటరీల్లో కలిపి లెక్కకు 3.6 యూనిట్లు, నేను సగమే నాదనుకుంటాను. ఫ్యాన్లు మూడూ తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారువి వేయించాక (75 వాట్లు లాగేది 30కి వచ్చింది) ఆ సగమే రాత్రికి సరిపోతోంది. ఇంకో జత బ్యాటరీలు కొనే ముందు ఫ్యాన్లు మార్చండి.

సాయంత్రం నాలుగింటికి డిస్‌ప్లే చూస్తాను. వోల్టేజి 28.8కి ఎక్కి, చార్జింగ్ ఆంప్స్ బాగా తగ్గి, 27.2 ఫ్లోటుకు (నిండిన బ్యాటరీని అలాగే నిలిపి ఉంచే వోల్టేజికి) వచ్చిందంటే ఆ రోజుకు నిండినట్టే. వరసగా రెండు రోజులు నిండకపోతే ఆ రాత్రి మాత్రం గ్రిడ్ చార్జింగ్ ఆన్ చేస్తాను, 15 ఆంపియర్ల మీద, అంటే 150కి పదో వంతు. ముసుర్లో తప్ప దాన్ని ముట్టుకునే పనే పడదు.

బ్యాటరీలు మొదట రేకుల కింద ఉండేవి. ఏప్రిల్లో వాటి మీద చెయ్యి పెట్టలేకపోయేవాళ్లం, నెలకే నీళ్లు ఎర్ర గుర్తుకు దిగేవి. మెట్ల కింద నీడకు, గాలి ఆడే చోటికి మార్చాక మూడు నెలలకోసారి పోస్తున్నా. డిస్టిల్డ్ వాటరే పోయాలి, అదీ చార్జింగ్ పూర్తయ్యాక. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందే పోయాలి. నిండుగా పోసి చార్జింగ్ పెడితే యాసిడ్ పొంగుతుంది. మా గచ్చు మీది తెల్ల మచ్చ అలా పడిందే.

ఈ పీసీయూలో నాకు నచ్చనిది ఒక్కటే, టైమర్ లేదు. ఊరెళ్లినప్పుడు అమ్మకు ఫోన్ చేసి ఏ బటన్ ఎంతసేపు నొక్కాలో చెప్పాల్సి వస్తోంది. కొనేవాళ్లు గ్రిడ్ చార్జింగ్‌కు వేళలు పెట్టుకునే మోడలే అడగండి.

మొన్న రాత్రి పదింటికి పోయిన కరెంటు రెండింటికి వచ్చింది. 25 వోల్టులతో మొదలైన బ్యాటరీలు అప్పటికి 24.5 చూపించాయి. ఇవి మొదట కొన్న జతే.